మార్జిన్ గీతకు ఇవతలి మోక్షం

తిరుపతిలో పిల్లవాణ్ణి క్యాథలిక్ బడిలో చేర్చే ప్రతి ఇంటా జూన్ నెలలో ఒక ధర్మసందేహం తలెత్తుతుంది. పొద్దున లేవగానే ఏడుకొండలు కనిపించే ఊళ్లో, హాజరుపట్టీ విప్పితే సగం పేర్లు వెంకటతోనే మొదలయ్యే తరగతిలో కూర్చుని మనవాడు రోజూ పరలోక జపం చెబితే వంశం ఏమైపోతుందోనని పెద్దలు మథనపడతారు. అడ్మిషన్ ఫారం కోసం తెల్లవారుజామున అదే బడి గేటు ముందు వరుసలో నిలబడ్డప్పుడు మాత్రం ఆ సందేహం ఎవరికీ గుర్తు రాదు. ఇంతకాలం ఈ విషయమై వాదోపవాదాలే తప్ప, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు అక్కడ నిజంగా ఏం నేర్చుకుంటున్నారన్న గంభీరమైన పరిశీలన జరగలేదు గనుక, లోకకల్యాణార్థం ఆ భారాన్ని ఈ వ్యాసకర్త నెత్తికెత్తుకుంటున్నాడు.

ముందుగా మతభయం సంగతి తేల్చుకుందాం. ఈ ప్రాంతానికి క్యాథలిక్ గురువులు కొత్తవారు కారు. 18వ శతాబ్దం తొలినాళ్లలోనే ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరులో కాలుమోపారు. మూడు వందల ఏళ్లు గడిచినా తిరుమల కల్యాణకట్టలో మంగళ్లకు పని తగ్గిన దాఖలా లేదు. పైగా మన రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ ఆర్థిక సాయం గానీ ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా, మైనరు విద్యార్థిని సంరక్షకుడి సమ్మతి లేకుండా మతబోధకు గానీ ప్రార్థనకు గానీ హాజరు కమ్మనకూడదు. ఇంత గొప్ప రక్షణ అంతా మన ఊళ్లో స్కూలు డైరీలోని ‘తల్లిదండ్రుల సంతకం’ అనే గడి మీద ఆధారపడి ఉంది. ఆ సంతకాన్ని తండ్రిగారు బడి గేటు బయట, స్కూటరు సీటు మీద డైరీ ఆనించి, ఒక చూపు గడియారం మీద, ఒక చూపు ట్రాఫిక్ పోలీసు మీద ఉంచి చేస్తారు. తాము దేనికి సమ్మతించారో తెలుసుకునే దురలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

ఇక జపం విషయం. ఉదయం అసెంబ్లీలో నూరు గొంతులు కలిపి, ఒక్క మాటకూ అర్థం తెలియకుండా, ఒక్క మాటా తప్పకుండా ఇంగ్లీషులో పరలోక జపం అప్పజెప్పిన పిల్లవాడే సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని విష్ణు సహస్రనామాన్ని అంతే నిర్విఘ్నంగా, అంతే అర్థరహితంగా వల్లిస్తాడు. సర్వమత సమానత్వం దేశంలో ఇంత పకడ్బందీగా అమలవుతున్న చోటు మరొకటి లేదు.

చేరిన పిల్లల్లో క్యాథలిక్కులు ఏ నలుగురో ఐదుగురో ఉంటారు. గంట కొట్టగానే వారు సత్యోపదేశానికి, అంటే తమ మతపాఠానికి, వేరే గదికి వెళతారు, మిగిలినవారు మోరల్ సైన్స్ పుస్తకం తీస్తారు. ఆ పుస్తకంలో నిజాయితీ మీద ఒక పాఠం, పాఠం చివర ఐదు ప్రశ్నలు ఉంటాయి. ‘నిజాయితీ అనగానేమి’ అన్న ప్రశ్నకు పక్కవాడి పేపరు చూసి రాసిన జవాబుకు కూడా పూర్తి మార్కులు పడతాయి. ఈ శాఖ గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. అవతలి గదిలో జరిగేదే ఆసక్తికరం.

ఏడేళ్ల ప్రాయానికే పిల్లలకు మంచిచెడుల వివేకం వస్తుందనీ, అప్పటి నుంచే దివ్యసత్ప్రసాదం, అంటే గుడి పూజలో పంచే పవిత్రమైన అప్పం, స్వీకరించవచ్చుననీ 1910లో పోపు పదో పయస్ నిర్ణయించారు. అంతకు ముందు పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం, జరగాలి. చిక్కంతా ఇక్కడే ఉంది: ఒప్పుకోవడానికి పాపాలు కావాలి కదా. మూడో తరగతి పిల్లవాడి దగ్గర ఆ సరుకు బహు తక్కువ. తమ్ముణ్ణి గిల్లాను, హోంవర్కు పుస్తకం ఇంట్లో మరిచిపోయానని అబద్ధమాడాను అన్న తరువాత నిల్వ నిండుకుంటుంది. అప్పుడు వెనక బెంచీలో పాపాల చేబదుళ్లు మొదలవుతాయి. “మా అవ్వ కొంగుముడిలో పది రూపాయలు ఎత్తేసినాను, కావాలంటే నువ్వు చెప్పుకోరా” అని ఒక వెంకటేశు ఉదారంగా ముందుకొస్తాడు. దొంగతనం చేసినవాడు ఒకడు, మరియమ్మను తలచుకునే మూడు మంగళవార్త జపాల ప్రాయశ్చిత్తంతో క్షమాపణ పొందినవాడు మరొకడు. ఆ పది రూపాయలు మాత్రం ఇద్దరూ కలిసి గేటు బయట బండి దగ్గర ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలకు ఖర్చు పెట్టారు. పాప భారాన్ని బదిలీ చేసే ఇటువంటి సౌకర్యం పెద్దల లోకంలో ఆడిటర్ల దగ్గర తప్ప దొరకదు.

అయినా ఇవేవీ ఆ బడి అసలు మతం కాదు. అసలు మతం నాలుగు గీతల నోటుపుస్తకంలో, ఎడమ పక్క స్కేలుతో గీసిన మార్జిన్ దగ్గర ఉంది. ఇంగ్లీషు ‘జి’ తోక నాలుగో గీతను తాకాలి, దాటరాదు. శీర్షిక కింద పెన్సిలుతో గీత, జవాబుకూ జవాబుకూ మధ్య ఒక వరుస ఖాళీ తప్పనిసరి. ఏడెనిమిదులు యాభై నాలుగని రాసినా, గుండ్రంగా రాసి కింద గీత గీస్తే ‘నీట్’ అన్న రిమార్కు పడుతుంది. మతమార్పిడి ఏదైనా జరుగుతోందంటే అది ఈ గీతల దగ్గరే జరుగుతోంది, అదీ పిల్లల్లో కాదు. రాత్రి తొమ్మిదింటికి కొట్టివేత కనిపించిందని పేజీ మొత్తం చింపి, నిద్రకు తూగుతున్న పిల్లవాడి చేత మళ్లీ రాయించే తల్లిని ఆ పని చేయమని ఏ సిస్టరూ అడగలేదు.

పౌరశాస్త్రం కూడా పుస్తకం బయటే సాగుతుంది. మిస్ గది దాటగానే క్లాస్ లీడరు సుద్దముక్కతో బోర్డు దగ్గర నిలబడి, మాట్లాడినవారి పేర్లు రాస్తాడు. రెండోసారి నోరు విప్పితే పేరు పక్కన ఇంటూ మార్కు పడుతుంది. పేరు చెరపడానికి ఒక నిప్పట్టు, ఇంటూ చెరపడానికి రెండు అన్న ధరల పట్టిక ఎవరూ ప్రకటించకుండానే అందరికీ తెలుసు. ఆఖరికి బోర్డు మీద మిగిలేది ఆ రోజు టిఫిన్ డబ్బాలో పెరుగన్నం తప్ప మరేమీ తెచ్చుకోని మౌని పేరు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది గనుక అతణ్ణి ఎవరూ ఏమీ అనరు. ‘నేను తరగతిలో మాట్లాడను’ అని నూరుసార్లు రాసుకు రమ్మంటారు, అంతే. అతడు రాసుకొస్తాడు, మార్జిన్ కొట్టి మరీ.

ఈ పరిశీలన ఫలితంగా దేవస్థానం వారికి ఒక సూచన చేయక తప్పడం లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి భక్తులను అదుపులో ఉంచడానికి ఎన్ని ఏర్పాట్లు చేసినా తోపులాట తప్పడం లేదు కదా. ఎత్తు ప్రకారం వరుసలో నిలబడటం, ముందువాడి భుజానికి చేయంత దూరం పాటించడం, నోటి మీద వేలు ఉంచుకోవడం, అనుమతి దొరికేదాకా ఒంటికి పోకుండా ఓర్చుకోవడం అన్నవాటిలో ఐదేళ్ల కఠోర శిక్షణ పొందినవారు ఏటా ఐదో తరగతి ముగించి బయటికి వస్తున్నారు. బ్రేక్ దర్శనం న్యాయం కూడా వారికి విడమరచి చెప్పనక్కరలేదు. యాన్యువల్ డే నాట్యంలో ఎమ్మెల్యే గారి మనవరాలు ముందు వరుసలోనూ, అడుగులు సరిగా వచ్చిన పిల్ల చెట్టు వేషంలో వెనకనూ ఎందుకు నిలబడతారో వారికి ఒకటో తరగతిలోనే అర్థమైంది. వారిని సేవకు తీసుకుంటే జీతభత్యాల ప్రసక్తి కూడా రాదు. ఏడాదికొకసారి ముఖ్య అతిథి చేతుల మీదుగా ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె, ఒక సర్టిఫికెట్టు ఇప్పిస్తే చాలు. అందులో పేరు తప్పు పడినా, సబ్బుపెట్టెకు మూత లేకపోయినా వారు కిమ్మనరు.