బంగారానికీ బీరు డబ్బాకీ ఒకే పాట పాడే మెటల్ డిటెక్టరు గారికి

మహారాజశ్రీ మెటల్ డిటెక్టరు గారి సముఖమునకు,

నిన్న సాయంత్రం కోటిపల్లి రేవు నుంచి ఇంటికి చేరిన తరువాత, గోళ్లలోని ఇసుక పూర్తిగా వదలకముందే తమకు ఈ లేఖ రాయాలని నిశ్చయించుకున్నాను. తమరు ప్రస్తుతం మా వసారాలో పలుగూ పారల పక్కన గోడకు చేరగిలబడి విశ్రమిస్తున్నారు. ఎండలో తవ్వింది నేను, తవ్విన గోతులను పూడ్చింది నేను, రేవులో అడిగిన ప్రతివారికీ సమాధానం చెప్పుకున్నది నేను. అయినా మధ్యాహ్నమంతా ఎడతెగకుండా అరిచింది తమరే కనుక, అలసట తమకు ఉండడంలో అన్యాయమేమీ లేదు.

తమరు మా ఇంటికి వేంచేసిన కారణం తమకు తెలియనిది కాదు. కార్తిక సోమవారం తెల్లవారుజామున గౌతమిలో మునిగి లేచి గట్టెక్కిన మా మేనత్త వేలికి వంకీ ఉంగరం లేదు. నీళ్లలో పోలేదనీ, మెట్ల పక్కన చీర మార్చుకున్న ఇసుకలోనే జారిందనీ ఆవిడ సోమేశ్వరుడి మీద ఒట్టు వేసి చెప్పింది. నాకు చిన్నప్పటి నుంచి పాత నాణేల మోజు ఉంది కనుక, ఒకే ఖర్చుతో ఉంగరమూ నాణేలూ రెండూ చేతికి వస్తాయని తమరిని అమ్మిన పెద్దమనిషి లెక్క వేసి చూపించాడు. తమ వెల ఇంచుమించు అరకాసు బంగారం ధర పలుకుతోందనీ, పోయిన ఉంగరం కూడా అరకాసేననీ మా అత్త ఆ క్షణంలోనే అన్నది. ఆ మాట తమ చెవిన పడితే బాధపడతారని నేను పెట్టె మూత మూసివేశాను.

అమ్మినాయన చెప్పిన గొప్పలలో అన్నిటికంటె పెద్దది ఏమిటంటే, భూమిలో లోహం ఉన్నదన్న సంగతే కాక, అది ఏ రకం లోహమో కూడా తమరు కనిపెడతారని. దానిని డిస్క్రిమినేషన్ అంటారట. తమ అడుగున ఉన్న పళ్లెంలో ఒక తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని భూమిలోకి పంపుతుంది. అక్కడ లోహపు వస్తువు ఉంటే దానిలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి నుంచి తిరిగి వచ్చే సంకేతాన్ని రెండో తీగచుట్ట అందుకుంటుంది. ఆ సంకేతం ఎంత వెనుకబడి వచ్చిందో చూసి తమరు తెర మీద ఒక అంకె వేస్తారు. ఇనుప మేకుకు చిన్న అంకె, మందపాటి వెండి రూపాయికి పెద్ద అంకె. ఇంతవరకు శాస్త్రంతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా నడిమి అంకెలతోనే.

తమ ప్రతిభను పరీక్షించకుండా రేవుకు తీసుకువెళ్లలేదు. ఆ వంకీ ఉంగరాలు ఒకే అచ్చులో జతగా చేయించినవి. రెండోది మా చిన్నత్త దగ్గర ఉంది. దానిని బతిమాలి తెచ్చి, పెరట్లో పోసిన ఇసుకలో జానెడు లోతున పాతి, తమరిని దాని మీదుగా తిప్పాను. తెర మీద 57 అని పడింది, గుడిగంట మోగినంత తీయగా ఒక స్వరం వినిపించింది. మా అత్త రెండు చేతులూ ఎత్తి తమకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణాన్ని తమరు ఏ మొహమాటమూ లేకుండా స్వీకరించారు.

ఇక నిన్నటి సంగతి. మెట్ల పక్కన ఇసుక మీద తమరిని తిప్పీ తిప్పగానే అదే 57, అదే గుడిగంట. రావిచెట్టు నీడలో క్యారేజీ ముందు పెట్టుకుని కూర్చున్న మా అత్త లేచి నిలబడింది. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకను దోసిళ్లతో తోడి, దేవుడి విగ్రహం బయటపడుతోందన్నంత భక్తితో వేళ్లు పెట్టి చూస్తే, బీరు డబ్బా నెత్తిన ఉండి వేలితో పైకి లాగే అల్యూమినియం రింగు వచ్చింది. పోనీ, పొరపాటు యంత్రాలకు కూడా సహజమనుకుని పక్కకు జరిగాను. మళ్లీ 57, మళ్లీ గంట, మళ్లీ రింగు. ఆ పక్కన మళ్లీ అదే. గౌతమీ గట్టున చీకటి పడ్డాక చేరే రసికులు తాగవలసినది తాగి, పారేయవలసిన డబ్బా ఏదో పారేసి పోక, ఆ రింగును పనిగట్టుకుని ముందుకూ వెనక్కూ వంచి తుంచి ఇసుకలో ఎందుకు నాటుతారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆ తుంచడంలో వారికి ఏ మోక్షం కనిపిస్తుందో వారికే తెలియాలి. అయినా వారు నాకు ఏ మాటా ఇవ్వలేదు. మాట ఇచ్చింది తమరు.

తమ తరఫున ఒక వాదన ఉందని నేను ఎరుగుదును. తమరు చదివేది లోహం పేరు కాదట. దాని విద్యుద్వాహకత, మందం, వైశాల్యం, ఆకారం అన్నీ కలిసి ఒక అంకె అవుతాయట. సన్నని బంగారు ఉంగరమూ, తేలికపాటి అల్యూమినియం రింగూ ఆ కొలతలో ఒకే చోటికి వచ్చి కూర్చుంటాయట. అటువంటప్పుడు డిస్క్రిమినేషన్ అన్న పెద్ద మాట పెట్టె మీద అంత లావు అక్షరాలతో ఎందుకు అచ్చు వేయించుకున్నారు? ప్రతి సంబంధాన్నీ “బంగారం లాంటి కుర్రాడండీ” అని ఒకే గొంతుతో పొగిడే పెళ్లిళ్ల పేరయ్యకూ తమకూ ఉన్న తేడా ఏమిటో సెలవివ్వండి. ఆయనకైనా పెళ్లి కుదిరాకనే సంభావన ఇస్తారు.

అక్కడితో ఆగినా సహించేవాణ్ణి. తమతో వచ్చిన చిన్న పుస్తకంలో, అక్కరలేని అంకెను తొలగించే సదుపాయం ఉన్నదని చదివి, 57ను తీసివేయమని బటన్లు నొక్కి తమకు విన్నవించాను. తమరు విధేయతతో ఒప్పుకున్నారు. రేవంతా ఒక్కసారిగా ప్రశాంతమైపోయింది. ఒక్క రింగుకూ మోగలేదు. ఎంత తెలివైన యంత్రమో అని మురిసిపోయి, చిన్నత్త ఉంగరాన్ని జేబులోంచి తీసి ఇసుక మీద పెట్టి తమరిని దాని మీదుగా తిప్పాను. తమరు దానిని కూడా మౌనంగా దాటి వెళ్లిపోయారు. 916 ముద్ర ఉన్న బంగారం, ఎండలో కళ్లు జిగేలుమనేలా పైకి కనిపిస్తూ ఉన్న బంగారం, పాతింది కూడా కాదు! చెత్త వద్దంటే బంగారం పోతుంది, బంగారం కావాలంటే చెత్త మొత్తం తవ్వాలి. ఇదేనటయ్యా నీ వివేకం? ఇంతమాత్రం దానికి నీ పళ్లెం ఎందుకు, నీ తెర ఎందుకు, నీకు తలకు తగిలించుకునే ఇయర్‌ఫోన్లు ఎందుకు? కళ్లు మూసుకుని పార వేసినా ఇదే పని జరిగేది కదా, బ్యాటరీ ఖర్చయినా మిగిలేది కదా!

“బంగారానికీ బీరు డబ్బాకీ తేడా తెలియని వాడికి నా ఉంగరం ఎలా దొరుకుతుందిరా అబ్బాయ్?” అని మా అత్త అన్నది తమరిని ఉద్దేశించే అని నేను నమ్ముతున్నాను.

క్షమించాలి, కొంచెం గొంతు పెరిగింది. తిరిగి మర్యాదలోకి వస్తాను.

తమ మీద ఉన్న చిల్లర ఫిర్యాదులను క్లుప్తంగా మనవి చేసుకుంటాను. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి తీసుకువెళ్తే, తడిసిన ఉప్పు ఇసుకకూ, దానిలో చారలుగా పరచుకున్న నల్ల ఇసుకకూ తమకు పూనకం వచ్చింది; ఏ వస్తువూ లేని చోట అరిచి, తీర్థానికి వచ్చిన వారందరినీ మా చుట్టూ పోగు చేశారు. లోతు సంగతి చెప్పనే అక్కరలేదు. ఏడడుగుల నిధి అయినా కనిపెడతారని అమ్మినాయన చెప్పగా, తమరు రూపాయి బిళ్లను అడుగు లోతున కూడా పోల్చుకోలేకపోయారు. ఏటేటా వరద వచ్చి ఒండ్రు పరిచిపోయే ఈ గడ్డ మీద, పాలకొల్లులో డచ్చి వారు వర్తకం చేసిన నాటి నాణెం అంత పైన మన కోసం కాచుకుని కూర్చుంటుందా? రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడివీ, అంతకుముందు వేంగిని ఏలిన శక్తివర్మవీ బంగారు నాణేలు కొన్ని దొరికింది ఎక్కడో సముద్రం అవతల, బర్మాలో అరకాను తీరాన ఉన్న చెదూబా దీవిలో! మన రాజుల బంగారమే మన మట్టిని పూర్తిగా నమ్మలేదు.

ఉప్పాడలో 2020 నవంబరు తుపాను వెలిసిన తరువాత, బంగారు రవ్వలు దొరుకుతున్నాయని జనం ఒడ్డున చేరి వట్టి చేతులతో ఇసుకను గాలించారు. వారిని తమవంటి వారి తెలివి కోసం ఎదురుచూడమని ఎవరూ సలహా ఇవ్వలేదు. రాజమండ్రి వంతెన కింద తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరే కుర్రవాళ్లు, రైలు ప్రయాణికులు గోదారమ్మకు వేసిన స్టీలు రూపాయలను పైకి లాగుతారు. ఆ అయస్కాంతానికి వెండీ రాగీ బంగారమూ అంటుకోవని వారికి తెలుసు, దానికి కూడా తెలుసు. అది తన చేతకానిదానిని ఏనాడూ పెట్టె మీద అచ్చు వేయించుకోలేదు.

అమ్మినాయన తన ఫోనులో నాకు చూపించింది ఇంగ్లండు వీడియో. అక్కడ స్టాఫర్డ్‌షైర్ పొలంలో 2009లో తమవంటి యంత్రానికే ఆంగ్లో-సాక్సన్ కాలపు బంగారం దొరికితే, దాదాపు 33 లక్షల పౌండ్ల వెల కట్టి, కనిపెట్టిన వ్యక్తికీ పొలం యజమానికీ పంచి ఇచ్చారు. మన దగ్గర అమలులో ఉన్నది 1878 నాటి నిధుల చట్టమనీ, భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ మించితే కలెక్టరు గారికి తెలియజేయాలనీ, లేకపోతే ఏడాది వరకు జైలు ఉండవచ్చుననీ ఆయన చెప్పలేదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం వంటి రక్షిత కట్టడాల దగ్గర తమరిని భుజాన వేసుకుని తిరిగితే ఏమవుతుందో కూడా చెప్పలేదు. చెప్పకపోయినా జనమే చెబుతారు. నిన్న నేను మూడో గొయ్యి పూడుస్తున్న వేళకే రేవులో లంకెబిందెల వార్త పుట్టింది. పంటు దిగిన ఒక పెద్దాయన నా పక్కన గొంతుక్కూర్చుని, “ఆయ్, బిందెలు ఇత్తడివాండీ, రాగివాండీ?” అని ఎంతో గౌరవంగా అడిగారు. నా అరచేతిలోని రింగులను చూపించాను. ఆయన నమ్మలేదు. అసలు సరుకు సంచిలో ఉందని ఆయన నిశ్చయం.

ఒక్క విషయం మాత్రం దాచడం ధర్మం కాదు కనుక రాస్తున్నాను. పొద్దు వాలుతుండగా, 57ను తిరిగి చేర్చి చివరిసారిగా తమరిని తిప్పినప్పుడు, గంట మోగలేదు. తమరు ఏదో గొణిగారు. అంకె ఒక చోట నిలవక అటూ ఇటూ ఊగింది. విసుగుతోనే తవ్వాను. పచ్చగా చిలుము పట్టిన చిల్లు కానీ వచ్చింది. 1944 అని ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. మా అత్త దానిని కొంగుతో తుడిచి, చిల్లులోంచి నది వైపు చూసి, తన చిన్నతనంలో వీటిని దారానికి గుచ్చి మొలకు కట్టుకున్న పిల్లల పేర్లు వరసగా చెప్పింది. ఆ కాసేపూ ఉంగరం ఊసు ఎత్తలేదు. దాని వెల పది రూపాయలు దాటుతుందా, దాటితే కలెక్టరు గారికి అర్జీ పెట్టాలా అన్న చర్చతో ఇంటికి చేరాము. అందుకు తమకు నేను రుణపడి ఉన్నాను, కాదనను. కాని అల్యూమినియం చెత్తకు గుడిగంటలు మోగించి, రోజంతటిలో దొరికిన ఒకే ఒక్క అసలు నాణేనికి నసిగిన తమ రుచిని మాత్రం మెచ్చుకోలేను.

తమ బ్యాటరీ తీసి విడిగా పెట్టాను. చిన్నత్త ఉంగరం ఈ ఉదయమే ఆవిడకు చేరింది; అది తన అక్క ఉంగరం అవునో కాదో అని ఆవిడ తిరగేసి మరగేసి చూసుకున్నది కూడా. వచ్చే సోమవారం మళ్లీ కోటిపల్లి వెళ్లాలని మా అత్త అంటున్నది, ఈసారి జల్లెడతో. తమరు కూడా రాదలచుకుంటే అభ్యంతరం లేదు. అంతకుముందుగా ఈ లేఖకు సమాధానం దయచేయండి. దానిలో బంగారానికి ఒక గొంతు, బీరు డబ్బా రింగుకు వేరొక గొంతు వినిపించాలని మాత్రం మనవి.

ఇట్లు,
గౌతమీ గట్టున గోతులు పూడ్చుకుంటున్న
తమ యజమాని