గ్రీన్‌కార్డు కన్నా ముందు వేయవలసిన లెక్క

పౌరసత్వం చేతికి రాగానే అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టడం అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో దాదాపు ఆనవాయితీ అయిపోయింది. తోబుట్టువులకు దరఖాస్తు పెడితే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి గానీ, తల్లిదండ్రులకు వార్షిక కోటా వర్తించదు కనుక వారి పని త్వరగానే తెమిలిపోతుంది. ఫారాల గురించి, వైద్య పరీక్ష గురించి, కాన్సులేట్ ఇంటర్వ్యూ గురించి నెలల పాటు మాట్లాడుకునే కుటుంబాలు, ఇక్కడికి వచ్చి స్థిరపడబోయే ఆ డెబ్బై ఏళ్ల మనుషులకు ఆరోగ్య బీమా ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను మాత్రం విమానం టికెట్లు కొన్న తరువాత గానీ పట్టించుకోవు. ఈ వరుస మారాలని, బీమా ఖర్చును ఎవరు ఎన్నేళ్లు భరిస్తారో తేలిన తరువాతే దరఖాస్తు మీద సంతకం పడాలని నేను అంటాను. 2026 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు చూసినవారికి ఇది అతి జాగ్రత్తగా అనిపించదు.

చాలామంది మనసులో ఉన్న భరోసా మెడికేర్. అరవై అయిదు దాటినవారికి ప్రభుత్వమే వైద్యం చూసుకుంటుందన్న మాట సగం నిజం. ఆసుపత్రి ఖర్చులకు సంబంధించిన పార్ట్ ఎ ప్రీమియం లేకుండా రావాలంటే ఆ వ్యక్తిగానీ, జీవిత భాగస్వామిగానీ ఈ దేశంలో పన్నులు కడుతూ సుమారు పదేళ్లు, అంటే 40 క్రెడిట్లు సంపాదించేంత కాలం, పని చేసి ఉండాలి. కొడుకు ఇరవై ఏళ్లుగా కట్టిన మెడికేర్ పన్ను ఈ లెక్కలో తండ్రికి పనికిరాదు. భారత్‌లో చేసిన ముప్పై ఏళ్ల సర్వీసూ పనికిరాదు. ఇరు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు, ఉన్నా మెడికేర్ దాని పరిధిలోకి రాదు. పని చరిత్ర లేనివారు మెడికేర్‌ను కొనుక్కోవచ్చు, కానీ గ్రీన్‌కార్డుతో అయిదేళ్లు నిరంతరాయంగా ఇక్కడ నివసించిన తరువాతే. అంటే అరవై ఎనిమిదో ఏట వచ్చిన తల్లికి డెబ్బై మూడో ఏడు వరకు ఆ తలుపు తెరుచుకోదు. మధ్యలో ఊరికి వెళ్లి ఆరు నెలలకు మించి ఉండిపోతే ఆ నిరంతరాయం మీదే ప్రశ్న లేవవచ్చు.

ఆ అయిదేళ్లూ ఎలా గడపాలన్నదే అసలు సమస్య. పిల్లల ఉద్యోగం ద్వారా వచ్చే బీమాలో భార్యాభర్తలకు, పిల్లలకు చోటు ఉంటుంది తప్ప తల్లిదండ్రులకు సాధారణంగా ఉండదు. దాంతో మనవాళ్లు అలవాటైన దారినే పట్టి, విజిటర్ ఇన్సూరెన్స్‌ను ఏడాది తరువాత ఏడాది పొడిగిస్తూ పోతారు. నాలుగు నెలల చుట్టపుచూపు కోసం తయారైన ఆ పాలసీని శాశ్వత నివాసానికి వాడుకోవడం అప్పటికి డబ్బు మిగిలినట్టు కనిపించినా, నా దృష్టిలో అది బీమా లేకపోవడంతో ఇంచుమించు సమానం. పాత జబ్బులకు చికిత్స అందులో ఉండదు. ఉన్నట్టుండి ముదిరిన పాత జబ్బుకు కొంత చెల్లిస్తామని కొన్ని పాలసీలు చెప్పినా, దానికి వయసు పరిమితి, సొమ్ము పరిమితి, ఇన్ని గంటల్లోగా వైద్యం మొదలు కావాలన్న షరతు తగిలించి ఉంటాయి. ఇరవై ఏళ్లుగా షుగరు, బి.పి. ఉన్న మనిషికి గుండెపోటు వస్తే అది పాత జబ్బు ఫలితమా, కొత్త జబ్బా అన్నది తేల్చేది కంపెనీయే, అదీ బిల్లు వచ్చిన తరువాత. మూత్రపిండాల పరీక్షకు, కంటి శుక్లాల ఆపరేషన్‌కు, నెలవారీ మందులకు ఆ కాగితం ఎలాగూ పనికిరాదు.

అరవై అయిదు దాటినా మెడికేర్ లేనివారు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే 2010 నాటి చట్టం కింద ఏర్పడిన బీమా విపణిలో, మామూలు పాలసీ కొనవచ్చునన్న సంగతి ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు. అక్కడ పాత జబ్బుల పేరు చెప్పి కాదనడానికి గానీ, ఎక్కువ వసూలు చేయడానికి గానీ వీల్లేదు. వచ్చిన అరవై రోజుల్లోగా చేరాలి. ఆ గడువు దాటితే సంవత్సరాంతపు నమోదు కాలం దాకా ఆగాలి. అయితే జబ్బును బట్టి ధర పెంచకూడదు గానీ వయసును బట్టి పెంచవచ్చు: యువకుడి ప్రీమియానికి పెద్దవారి ప్రీమియం మూడు రెట్ల దాకా ఉండవచ్చునని ఆ చట్టమే అనుమతిస్తుంది. న్యూయార్క్, వెర్మాంట్ రాష్ట్రాలు మాత్రం వయసు తేడా చూడవు. మిగతా చోట్ల సబ్సిడీ లేకుండా కొంటే ఒక్కొక్కరికి నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఆ పైన జేబులోంచి పెట్టవలసిన ఖర్చు ఒక్కరికి 2026లో 10,600 డాలర్ల దాకా ఉండవచ్చు.

ఇన్నాళ్లూ ఈ భారం తెలియకపోవడానికి కారణం సబ్సిడీ. అయిదేళ్లు నిండని గ్రీన్‌కార్డుదారులకు మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే వైద్య బీమా, సాధారణంగా రాదు కనుక, ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉన్నా వారికి ప్రీమియం సబ్సిడీ ఇచ్చేలా పాత చట్టంలో మినహాయింపు ఉండేది. 2021 తరువాత పెంచిన సబ్సిడీలతో కలిపి, సొంత ఆదాయం పెద్దగా లేని తల్లిదండ్రులు చాలామంది నామమాత్రపు ప్రీమియంతో గడిపేశారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ మినహాయింపును 2026 నుంచి రద్దు చేసింది. పెంచిన సబ్సిడీల గడువు కూడా 2025 డిసెంబరుతో ముగిసింది. ఈ రెండూ ఒకేసారి రావడంతో, మునుపు దాదాపు ఉచితంగా దొరికిన పాలసీకే ఇప్పుడు దంపతులిద్దరికీ కలిపి నెలకు రెండు మూడు వేల డాలర్లు కట్టవలసిన స్థితి ఏర్పడింది. మూడేళ్ల క్రితం అమ్మానాన్నలను తెచ్చుకున్న మిత్రుడి అనుభవాన్ని నమ్ముకుని ఈ ఏడాది దరఖాస్తు పెట్టేవారు ఈ మార్పును తప్పక గమనించాలి.

పన్ను రిటర్నులో చేసే ఒక ఎంపిక కూడా ఇక్కడ ప్రభావం చూపుతుంది. తల్లిదండ్రులను డిపెండెంట్లుగా చూపిస్తే సబ్సిడీ అర్హతకు పిల్లల ఆదాయమే లెక్కలోకి వస్తుంది; ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇక సబ్సిడీ మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. వారు విడిగా రిటర్ను దాఖలు చేస్తే వారి ఆదాయం పేదరిక రేఖను దాటాలి. 2026 పాలసీలకు ఇద్దరు సభ్యుల కుటుంబానికి అది ఏడాదికి 21,150 డాలర్లు, మన లెక్కలో సుమారు పంతొమ్మిది లక్షల రూపాయలు. గ్రీన్‌కార్డు ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడి ఆదాయాన్నయినా ఇక్కడ చూపవలసిందే కనుక, ఊళ్లో వచ్చే ఇంటి అద్దె, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ కలుపుకుంటే ఆ గీత దాటే రిటైరైన దంపతులు మనలో లేకపోలేదు. పింఛనులో ఏ భాగం లెక్కకు వస్తుందో మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందం తెలిసిన నిపుణుణ్ణి అడగాలి. ఊళ్లోని ఆ ఆదాయాన్ని చూపించకుండా దాచేవారు, చట్టం మాట అటుంచి, ఇప్పుడు సబ్సిడీని కూడా పోగొట్టుకునే అవకాశం ఉంది.

అయిదేళ్లు పూర్తయితే గండం గడిచిందనుకోవడమూ పొరపాటే. 2026లో పార్ట్ ఎ కొనుక్కోవడానికి నెలకు 565 డాలర్లు, డాక్టర్ల ఖర్చులకు సంబంధించిన పార్ట్ బి కి 202.90 డాలర్లు. దంపతులకు ఇది నెలకు పదిహేను వందలు దాటుతుంది; మందుల పాలసీ, మెడికేర్ చెల్లించని వాటాను భరించే మెడిగ్యాప్ పాలసీ దీనికి అదనం. అర్హత వచ్చిన సమయంలో ఏడు నెలల నమోదు గడువు ఉంటుంది. ఆ గడువు దాటాక చేరితే, ఆలస్యమైన ప్రతి నిండు ఏడాదికి పార్ట్ బి ప్రీమియం పది శాతం చొప్పున పెరుగుతుంది, ఆ పెంపు పార్ట్ బి ఉన్నంత కాలం వెంటాడుతుంది. మార్కెట్‌ప్లేస్ పాలసీ చేతిలో ఉంది కదా అని ఆగినవారికి ఈ జరిమానా నుంచి మినహాయింపు లేదు. మెడిగ్యాప్ సంగతి ఇంకా కఠినం: పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో ఏ కంపెనీ అయినా ఆరోగ్యం అడగకుండా ఇవ్వాలి, ఆ తరువాత చాలా రాష్ట్రాల్లో కంపెనీ కాదనవచ్చు. ఆ కాలవ్యవధి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన కుటుంబాలు నేను చూసినంతలో చాలా తక్కువ.

ఈ లెక్కలన్నీ ముందే వేసుకుంటే రెండు పనులు వేరుగా చేస్తాం. మొదటిది, ఊళ్లోని బీమాను వదులుకోకపోవడం. అమెరికా వెళ్లిపోతున్నాం, ఇక దేనికని రెన్యూవల్ ఆపేసేవారు చాలామంది. మళ్లీ కొత్తగా కొనాలంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండే నిబంధన మొదటి నుంచి మొదలవుతుంది. భారత బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి 65 ఏళ్ల వయసు పరిమితిని తీసేసింది కాబట్టి కొనడం అసాధ్యం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఆ పాలసీ సాధారణంగా ఇక్కడి ఆసుపత్రిలో చెల్లదు, మెడికేర్ అక్కడ చెల్లదు. అయినా మోకాలి మార్పిడి వంటి ముందుగా తేదీ నిర్ణయించుకోగల చికిత్సను అక్కడ చేయించుకునే స్వేచ్ఛ, మెడికేర్ కోసం ఎదురుచూసే ఆ అయిదేళ్లలో కొంత ధైర్యం ఇస్తుంది.

రెండవది, ఖర్చు ఎవరిదో పైకి చెప్పుకోవడం. మన ఇళ్లలో ఇది నోరు తెరిచి అడగని విషయం. పెద్దవాళ్లు ఎవరి ఇంట్లో ఉంటే వారే ప్రీమియం కట్టాలన్నది చెప్పకుండా జరిగిపోయే ఏర్పాటు. అది తరచుగా ఒకే కొడుకు మీదో, ఈ దేశంలో ఉన్న ఒకే కూతురు మీదో పడుతుంది. ఊళ్లోని స్థలం పంపకాల్లో అందరూ కూర్చుంటారు, ప్రీమియం పంపకానికి ఎవరూ కూర్చోరు. తల్లిదండ్రులకు సొంత ఆస్తి ఉంటే దాన్ని వారి బీమాకే వాడటం న్యాయమని నేను నమ్ముతాను. విదేశాల్లో ఉండేవారు భారత్‌లోని తమ ఆదాయాన్ని ఉంచుకునే ఎన్నారో (NRO) బ్యాంకు ఖాతా నుంచి ఏటా పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. పిల్లలకు వదిలి వెళ్లాలన్న పట్టుదలతో దాచిన డబ్బు, అదే పిల్లలు అప్పు చేసి ప్రీమియం కడుతుంటే ఎవరికి మేలు చేస్తున్నట్టు?

ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిని డబ్బు లెక్క కుదిరేదాకా అక్కడే ఉంచాలా అని అడిగేవారికి నా దగ్గర సులువైన జవాబు లేదు. చూసేవారు ఎవరూ లేని మనిషికి బీమా కన్నా ఇంట్లో మనిషి ముఖ్యం. అటువంటి ఇంట్లో ఆమెను తీసుకురావాలి, ఖర్చు మోయాలి. అత్యవసర విభాగంలో డబ్బు అడగకుండా ప్రాణాపాయం తప్పించాలని 1986 నాటి చట్టం చెబుతుంది, లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానాన్ని రాతపూర్వకంగా ఉంచాలి. ఇవన్నీ ఆఖరి గట్టు మాత్రమే. కానీ ఇద్దరూ ఆరోగ్యంగా, తోడుగా, తమ ఊళ్లో తమ డాక్టరుతో హాయిగా ఉన్నప్పుడు, ఏటా కొన్ని నెలలు విజిటర్ వీసా మీద వచ్చి వెళ్లే ఏర్పాటును ప్రేమ తక్కువై చేసిన పనిగా ఎవరూ చూడకూడదు.

మన తెలుగు సంఘం ఈ విషయంలో చేయగలిగింది ఉంది. ఏటా మనం నిర్వహించే ఆరోగ్య శిబిరాల్లో షుగరు, కొలెస్టరాలు పరీక్షిస్తాం, బీమా కాగితాలు చూసేవారు ఒక్కరూ ఉండరు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ప్రభుత్వ కార్యక్రమం మెడికేర్ గురించి ఉచితంగా సలహా ఇస్తుంది. శిక్షణ పొందిన వలంటీర్లే దానికి ఆధారం, వారు ఏ కంపెనీ పాలసీనీ అమ్మరు. రిటైరైన మన సభ్యుల్లో నలుగురైదుగురు ఆ శిక్షణ తీసుకుంటే, బీమా ఏజెంటు కమిషన్ ప్రసక్తి లేకుండా తెలుగులో సందేహం తీర్చేవారు మనకే ఉంటారు. చాలా రాష్ట్రాల్లో మార్కెట్‌ప్లేస్ నమోదు నవంబరు 1న మొదలవుతుంది కనుక, దీపావళి వేడుకల కార్యవర్గ సమావేశంలోనే దీనికీ ఒక గంట కేటాయించి, ఈ అయిదేళ్ల గడువులో ఉన్న పెద్దవారు మన సభ్య కుటుంబాల్లో ఎందరున్నారో ముందుగా తెలుసుకోవాలని కార్యవర్గానికి నా ప్రతిపాదన.