వోల్టుల్లో గెలిచిన మామయ్య

రిటైరైన మగవాళ్ళ చెవిన ఏ మాటైనా వేసేముందు ఇంట్లోవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి. విజయవాడ పటమటలో ఉండే మా అత్తయ్య ఆలోచించుకోలేదు. "గుమ్మం బయట చెప్పులు తొక్కుకుంటూ తిరగలేక చస్తున్నాం, మేస్త్రీని పిలిచి ఓ చెప్పుల స్టాండు చేయించండి" అంది. మామయ్య చెవిదాకా అంతా బాగానే వెళ్ళింది, ఒక్క 'మేస్త్రీని పిలిచి' అన్న ముక్క తప్ప.

మామయ్య కరెంటు ఆఫీసులో చేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య సర్వీసంతా గడిపిన మనిషికి నాలుగు ప్లైవుడ్ ముక్కలు బిగించడం ఒక లెక్కా? "కార్డ్‌లెస్ డ్రిల్లు ఒకటి కొని పడేస్తే జన్మంతా ఉంటుందిరా. పద, వన్ టౌన్ వెళ్ళొద్దాం" అన్నాడు. సెలవుల్లో స్టూళ్ళూ, అలమర అరలూ చేసుకునే అలవాటుంది కదా అని నన్ను సలహాదారుగా తీసుకెళ్ళాడు. సలహాదారు అంటే స్కూటర్ వెనక కూర్చునేవాడు.

దారిలో నాకు తెలిసింది చెప్పాను. వైరు అక్కర్లేని డ్రిల్లును బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్ళు 1961లోనే బజారులోకి తెచ్చారు అనగానే మామయ్య ఛాతీ అరంగుళం పెరిగింది. ఆయన పుట్టింది కూడా ఆ ఏడాదే. ఇద్దరి జాతకాలూ కలిశాయని అప్పుడే తేల్చేసుకున్నాడు.

కాళేశ్వరరావు మార్కెట్ దాటాక సందులో ఆ షాపు. ఒకరు బయటికొస్తేగానీ ఇంకొకరు లోపలికి పోలేని వెడల్పు. షాపాయన మామయ్య చేతి ఉంగరాలు చూసి, లోపలినుంచి ఎర్రటి పెట్టె ఒకటి తెప్పించాడు. దాని మీద బారెడు అక్షరాలతో '198 వోల్టులు' అని ఉంది.

ఇక్కడ మామయ్య ప్రతిభ గురించి చెప్పుకోవాలి. బ్యాటరీ ఊడదీసి, అరచేతిలో బరువు చూసి, "ఇందులో సెల్లులెన్ని?" అన్నాడు.

"అయిదండీ."

"లిథియం సెల్లు ఒకటి 3.6 వోల్టులు. అయిదైతే 18. నిండా చార్జ్ చేస్తే ఒక్కోటి 4.2, మొత్తం 21. కొందరు దీన్నే 20 మ్యాక్స్ అని రాసుకుంటారు, పోనీ అనుకుందాం. మిగతా 177 వోల్టులు ఎక్కడినుంచి తెచ్చావయ్యా, శ్రీశైలం నుంచా?"

షాపాయన మారుమాట్లాడకుండా పెట్టె లోపలికి పంపించేశాడు. పేరున్న కంపెనీ సరుకు బయటికొచ్చింది. మామయ్య నా వంక చూశాడు, చూశావా అన్నట్టు. నేను చూశాను. షాపాయన కూడా మామయ్యను చూశాడు, కానీ ఆ చూపు వేరు. ఈయనకి వోల్టులు తప్ప ఇంకేమీ తెలియవని కనిపెట్టేశాడు.

ముందు ధర దగ్గర చిన్న దెబ్బ. మామయ్య ఊహించినదాంట్లో సగమే చెప్పాడు షాపాయన. తీరా లేచి డబ్బులు తీస్తుంటే, అది ఒట్టి మిషను ధరనీ, బ్యాటరీ, చార్జర్ వేరే కొనాలనీ తెలిసింది.

"ఇదెక్కడి వ్యాపారం? బ్యాటరీ లేకుండా ఇది ఎలా తిరుగుతుంది?"

"మీరు మాత్రం మీటరు డబ్బులు వేరే, కరెంటు డబ్బులు వేరే కట్టించుకోలేదా అండీ?" అన్నాడు షాపాయన వినయంగా.

మామయ్య కూర్చున్నాడు.

ఆ తర్వాత అసలు నాటకం. కుర్రాడు మామిడి చెక్క దిమ్మ ఒకటి పాదాల మధ్య ఇరికించుకుని, మూడంగుళాల స్క్రూ తీసుకున్నాడు. మొదట డ్రిల్లుతో. స్క్రూ అంగుళం దిగి, మిషను 'కటకటకట'మని ఆగిపోయింది. తర్వాత పొట్టిగా, మెడ లేనట్టున్న ఇంకో మిషను తీసుకుని, 'ట్ర్ర్ర్ర్' అని వీధంతా అదిరేలా ఒక్క నొక్కు నొక్కాడు. స్క్రూ తలతో సహా మామిడి చెక్కలో కలిసిపోయింది. "ఇది ఇంపాక్ట్ డ్రైవరండీ. తిప్పే బలంలో ఆ డ్రిల్లు 50 న్యూటన్ మీటర్లు, ఇది 170" అన్నాడు షాపాయన.

డ్రిల్లు మెడ దగ్గర నంబర్ల రింగు ఉంటుంది. దాన్ని క్లచ్ అంటారు. ఏ నంబరు మీద పెడితే అంత బలానికే ముందు బిగించిన బిట్టును తిప్పుతుంది, అది దాటగానే కటకటలాడుతూ చెయ్యి వదిలేస్తుంది. స్క్రూ చెక్కకు సమంగా దిగాక ఇక చాలు అని చెప్పడానికే అది. కుర్రాడు డ్రిల్లు పట్టుకున్నప్పుడు ఆ రింగు 5 మీద ఉంది. అది నేను చూశాను. నేను చూడటం షాపాయన చూశాడు.

"మామయ్యా, రింగు తక్కువ నంబరు మీద పెట్టారు, అందుకే ఆగింది" అన్నాను.

"రెగ్యులేటర్ పెట్టి తిప్పుకోడానికి అదేమన్నా ఫ్యానట్రా?" అన్నాడు మామయ్య. అప్పటికే ఇంపాక్టును కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి, ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంటున్నాడు. మగవాడు మిషనును రెండు చేతుల్లో మార్చి మార్చి చూశాడంటే ఇక బేరం అయిపోయినట్టే. వోల్టుల్లో గెలిచిన మనిషి న్యూటన్ మీటర్ల దగ్గర పడిపోయాడు.

నిజానికి ఆ మిషనుకు వంక పెట్టడానికి లేదు. డ్రిల్లులో మోటారు, గేర్లు, బిట్టును పట్టుకునే చక్ అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. బిట్టు గట్టి చెక్కలో ఇరుక్కుందా, తిరగాల్సింది మన మణికట్టే. ఇంపాక్టులో అలా కాదు. లోపల స్ప్రింగు మీద ఒక ఇనప సుత్తి, దాని ముందు దాగలి ఉంటాయి. స్క్రూ మొరాయించగానే సుత్తి వెనక్కి జారి, విడిపించుకుని, దాగలిని తిరిగే దిక్కులోనే గుద్దుతుంది. నిమిషానికి 3000 పైచిలుకు గుద్దులు. చేతికి మెలిక తెలియదు, స్క్రూకు మాత్రం బాగా తెలుస్తుంది. గోడలకు వాడే హ్యామర్ డ్రిల్లు వేరే జాతి, అది ముందుకు పొడుస్తుంది. పొడవాటి స్క్రూలకు, లాఫ్టు చట్రాలకు, మంచం కోళ్ళకు ఇంపాక్టును మించింది లేదు. కానీ ఇంట్లో ఒకే మిషను పెట్టుకుని బల్లలూ అరలూ చేసుకునేవాడికి క్లచ్ ఉన్న డ్రిల్లే కావాలి. కొంటే రెండూ కొనాలి, లేదంటే డ్రిల్లే. ఈ మాట స్కూటర్ మీద రెండుసార్లు అన్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర హారన్లలో కలిసిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పని మొదలైంది. 18 ఎంఎం ప్లైవుడ్‌ను షాపులోనే కొలతకు కోయించి తెచ్చాం. మామయ్య ఇంచిన్నర నల్ల జిప్సం స్క్రూ ఒకటి బిట్టు కొనకు తగిలించి, కళ్ళజోడు సర్దుకుని, ట్రిగ్గర్ నొక్కాడు. స్క్రూ చెక్కకు సమంగా దిగింది. ఆ సంగతి మామయ్య కళ్ళు చూసి వేలికి చెప్పేలోపు స్క్రూ తల పైపొర చించుకుని, రెండోది దాటి, లోపలికి వెళ్ళిపోయింది. నిలువు పలక అంచున ప్లైవుడ్ పొరలు విచ్చుకుని నోరు తెరిచాయి. కొత్త పుస్తకం పేజీల్లా ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టుకోవచ్చు.

"పట్టు బాగా దొరికింది" అన్నాడు మామయ్య.

రెండో స్క్రూకు తల ఊడిపోయింది. నల్ల స్క్రూలు గట్టివే కానీ పెళుసు. మూడోది వేస్తుండగా కాలింగ్ బెల్ మోగింది. కింద ఫ్లాట్ అమ్మగారు. "అన్నయ్యగారూ, బోరు మూడో అంతస్తులో వేయిస్తున్నారేంటండీ?" అని అడిగారు. వెటకారం కాదు, ఆవిడకు నిజంగానే అనుమానం వచ్చింది.

అత్తయ్య షోకేసులోని కొండపల్లి బొమ్మను చూపించి, "ఆ అంబారీ ఏనుగు చూడండి. తెల్లపొణికి చెక్క, చింతగింజల జిగురు. వాళ్ళు ఏనుగు మీద అంబారీ పెట్టి రాజునే కూర్చోబెట్టారు. మీరు నా హవాయి చెప్పులు పెట్టుకోడానికి ఇంత గోలా?" అంది.

నేను మెల్లగా, ముందు సన్నటి బెజ్జం పెట్టుకుంటే చెక్క పగలదు మామయ్యా అన్నాను. ఆయనకూ నచ్చింది. సర్వీసు నాటి డ్రిల్ బిట్ల డబ్బా ఒకటి అటక మీంచి దింపాడు. మంచి బిట్లు, అన్నీ గుండ్రటి కాడలవి. ఇంపాక్టుకు ఉండేది పావంగుళం ఆరు పలకల రంధ్రం. అందులో ఆరు పలకల కాడే కూర్చుంటుంది, గుండ్రటిది ఎంత తోసినా వదులుగా ఊగుతుంది.

అయితే కరెంటు మనిషికి ఇన్సులేషన్ టేపుతో తీరని కష్టం ఉండదు. బిట్టు కాడకు నల్ల టేపు చుట్టాడు. చాలలేదు. ఇంకో రెండు చుట్లు. మునివేళ్ళతో నొక్కి, కొన పంటితో తెంపి, రంధ్రంలోకి దూర్చి, లాగి చూసి తలూపాడు. ట్రిగ్గర్ నొక్కాక నాలుగు చుట్లు బాగానే తిరిగింది. బయటికి లాగేసరికి మిషను మామయ్య చేతికి వచ్చింది, బిట్టు చెక్కలో ఉండిపోయింది. టేపు మాత్రం ఎవరి పక్షమో తేల్చుకోలేక రెంటికీ అంటుకుని సాగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అత్తయ్య ముందు ఒక్క విజయమైనా చూపించకపోతే ఎలా? పూజా మందిరం తలుపు కింది బందు కొంచెం వదులైందని అత్తయ్య ఎప్పటినుంచో అంటోంది. అది ఆవిడ పుట్టింటివాళ్ళు గుడివాడ నుంచి పంపించిన టేకు మందిరం. బందులూ స్క్రూలూ ఇత్తడివి. మామయ్య పాత స్క్రూ తీసేసి, ఇంకాస్త పొడవాటి కొత్త ఇత్తడి స్క్రూ పెట్టాడు. నేను "చేత్తో..." అనేలోపే మిషను మొదలైంది.

మధ్యాహ్నం నుంచీ అపార్ట్‌మెంటునంతా అదరగొట్టిన ఆ మిషను అప్పుడు చిన్నగా 'టిక్'మంది. ఇత్తడి స్క్రూ తల ఊడి, పీట మీద దొర్లుకుంటూ పోయి, కుంకుమ భరిణకు తగిలి ఆగింది. మిగతా స్క్రూ టేకులో ఉంది. తలుపు పైబందు మీద వేలాడింది.

వంటింట్లో స్టవ్ కట్టేసిన చప్పుడు. అత్తయ్య వచ్చి మందిరం వంక చూసింది, కుంకుమ భరిణ వంక చూసింది. కేకలేస్తుందేమోనని నేను బాల్కనీ వైపు జరిగాను. "ఏవండీ, మేస్త్రీ నంబరు నా ఫోన్లో ఉంది" అంది, అంతే.

మేస్త్రీ వచ్చాడు. ఏమీ అడగలేదు. మంచి డాక్టర్లకు ఉండే లక్షణం అది. ఆయన డ్రిల్లు ఎంత పాతదంటే రింగు మీద నంబర్లు అరిగిపోయాయి, ఆయన చెవితోనే తిప్పుకుంటాడు. విరిగిన ముక్క చుట్టూ సన్నటి బిట్టుతో గుల్ల చేసి, కొనముక్కు పటకారుతో ఊడబెరికాడు. ఆ గుంటలో టేకు మేకు ఒకటి చెక్కి, ఫెవికాల్ పెట్టి బిగించి, అది ఆరేలోపు చెప్పుల స్టాండు విప్పి మళ్ళీ కట్టాడు. అన్నింటికీ ముందు సన్నటి బెజ్జం, తర్వాతే స్క్రూ. మర్నాడొచ్చి, మందిరం బందుకు మొదట ఇనప స్క్రూ ఎక్కించి, దాన్ని తీసేసి, ఇత్తడి స్క్రూ మరలకు సబ్బు రుద్ది అదే దారిలో పంపించాడు. చివరి చుట్టు మామూలు స్క్రూడ్రైవర్‌తో.

"ఇత్తడి మెత్తన సార్. దారి మనమే చేసిపెట్టాలి" అన్నాడు. మామయ్య సబ్బు ముక్క వంక చూస్తూ ఉండిపోయాడు. 170 న్యూటన్ మీటర్లు కొనుక్కొచ్చిన మనిషికి సబ్బు ముక్క అవసరమని ఏ షాపాయనా చెప్పడు.

పోతూ పోతూ మేస్త్రీ కళ్ళు ఇంపాక్టు మీద పడ్డాయి. బాల్కనీ గ్రిల్లుకు తుప్పుపట్టిన బోల్టు ఒకటుంది, దాన్ని తీయలేక అపార్ట్‌మెంటు వాళ్ళంతా ఎప్పుడో వదిలేశారు. సంచిలోంచి సాకెట్ తీసి తగిలించి, ఒక్క నొక్కు నొక్కాడు. బోల్టు తిరుగుతూ బయటికొచ్చేసింది.

"అబ్బ, మంచి మిషను కొన్నారు సార్" అన్నాడు మనస్ఫూర్తిగా. మామయ్య ముఖంలో కరెంటు వచ్చింది. "భవానీపురంలో సీలింగు పని ఒప్పుకున్నాను. చట్రానికి బోలెడు స్క్రూలు పడతాయి. కొన్నాళ్ళు ఇస్తారా?"

"ఊరికే ఎందుకిస్తాను? అద్దె ఉంటుంది" అన్నాడు మామయ్య. కాగితం, పెన్ను తెప్పించాడు. గీతలు కొట్టాడు. మొదటి 50 స్క్రూలకు ఒక రేటు, 51 నుంచి 100 దాకా ఒక రేటు, 100 దాటితే శ్లాబు మారుతుంది. ఆ మొత్తాన్ని చెప్పుల స్టాండు కూలీలో పట్టుకోవాలి.

మేస్త్రీ కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"శ్లాబులు సరే సార్. తర్వాత ఎప్పుడో వచ్చి, కరెంటు బిల్లుల్లోలాగా పాత వాడకానికి ట్రూ అప్ చార్జీలు మాత్రం వేయకండి."