సింకు కింద ఏ చెక్క వేశారు?

కోకాపేట, నార్సింగి వైపు కొత్త ఫ్లాట్ తీసుకున్నవాళ్లను కదిలిస్తే చాలు, మాడ్యులర్ కిచెన్ కొటేషన్ల గొడవే. చదరపు అడుగుకు ఇంత అని రేటు చెబుతారు. కానీ కొలిచేది దేన్ని? చాలాచోట్ల ఎదురుగా కనపడే తలుపులనే.

పది అడుగుల గట్టు కింద రెండున్నర అడుగుల ఎత్తు కబోర్డులు పెడితే ముందు భాగం 25 చదరపు అడుగులు. రెండడుగుల లోతుతో నాలుగు పెట్టెలనుకుంటే పక్కలు, అడుగు, వెనక కలిపి లోపల పట్టే చెక్క 85 చదరపు అడుగులు. బిల్లు మాత్రం 25కే. మనం బేరమాడి తగ్గించిన డబ్బు ఆ 85లోంచే పోతుంది. తలుపు మీద అక్రిలిక్ మెరుపు అలాగే ఉంటుంది, పెట్టె ప్లైవుడ్ నుంచి చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డుకు దిగుతుంది. నన్నడిగితే ఇందులో మోసం కంటే లెక్కకట్టే పద్ధతి తప్పే ఎక్కువ.

మియాపూర్‌లో మా ఫ్లాట్‌కూ ఇలాగే చేయించాను. రెండో వానాకాలానికి సింకు కింద చెక్క పూరీలా ఉబ్బింది. పైపు కారింది చుక్కలు చుక్కలుగానే! ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణంతో వచ్చే మెరైన్ ప్లైవుడ్ జిగురును 72 గంటలు నీళ్లలో మరగబెట్టి పరీక్షిస్తారు. ఐఎస్ 303 ప్రమాణం కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకానికి 8 గంటలే. వంటింటికంతా 710 అక్కర్లేదు, సింకు పెట్టెకూ దాని పక్కదానికీ వేయిస్తే చాలు. పైపు కోసం తొలిచిన కన్నం అంచులు మాత్రం దగ్గరుండి సీల్ చేయించుకోవాలి. ఫిట్టింగ్ రోజు హడావిడిలో వదిలేసేది దాన్నే.

డ్రాయర్లు అడిగితే ‘ఎక్స్‌ట్రా సార్’ అనేదీ అందుకే. అంతే ముందు భాగానికి ఛానెళ్ల (డ్రాయర్ జారే పట్టాల) ఖర్చు అదనం కదా. అయినా నడుం వంచకుండా పప్పు డబ్బా అందాలంటే డ్రాయరే నయం. 25 కిలోల బియ్యం అందులో పోస్తామంటే మాత్రం 30 కిలోల ఛానెల్ కాదు, 50 కిలోలది అడగాలి. ఆవకాయ జాడీ ఎత్తు కూడా ముందే కొలిచి చెప్పాలి. డిజైనర్ త్రీడీ బొమ్మలో జాడీలుండవు.

ఈసారి రిపేరుకు వచ్చినాయన్ని పెట్టెపెట్టెకూ చెక్క రకం, మందం రాసిమ్మన్నాను. రెండు రోజులు తీసుకుని ఇచ్చాడు, రేటు పెరిగింది. మా ఆవిడ అక్రిలిక్ కొట్టేసి మామూలు మాట్ లామినేట్ అని రాసింది.