గాయపాకు ఉందిలే అని ఊరుకుందామా?

ఇంగ్లీషులో ‘వల్నరరీ’ అని ఒక మాట ఉంది. ఇప్పుడు వాడేవాళ్లు చాలా తక్కువ. గాయం మాన్పే మందు అని అర్థం, ఎక్కువగా ఆకులు, వేర్ల గురించి చెప్పేటప్పుడు వస్తుంది. లాటిన్‌లో ‘వల్నుస్’ అంటే గాయం. ‘వల్నరబుల్’ కూడా అక్కడ పుట్టిందే. యూరప్‌లో గాయాలకు వాడే ఒక మొక్కకు ‘ఆంథిల్లిస్ వల్నరేరియా’ అని 1753లో లిన్నేయస్ పేరు పెట్టాడు.

మనకైతే గాయపాకు, అదే గడ్డిచామంతి. గట్ల మీద, బడిగోడ పక్కన ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. పిల్లలు పలకకి రుద్దేవారు, కొడవలి తగిలి తెగితే పెద్దవాళ్లు నలిపి పసరు పిండేవారు. నిజానికి అది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. ఎంత సొంతం చేసుకున్నామో చూడండి!

‘వల్నరరీ’ అన్న మాట చదవగానే నాకు పలాస జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు గుర్తొచ్చాయి. జీడితొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్ల కొసలు నల్లబడతాయి, పొక్కుతాయి, పొరలు పొరలుగా ఊడతాయి. ఆ చేత్తో అన్నంలో కూర కలిపితే ఉప్పూకారం తగిలి భగ్గుమంటుంది. ఆ జిడ్డు ఉత్త నీళ్లకి పోదు. అందుకే ముందుగానే ఆముదమో బూడిదో రాసుకుంటారు. గ్లౌజులు వేసుకుంటే పని సాగదంటారు. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట పని సాగకపోతే కూలి పోయినట్టే కదా! తప్పు వాళ్లది ఎలా అవుతుంది?

ఇంతా చూసి కొందరు ‘మన ఆకుపసరు ఉండగా భయమేంటి’ అని పోస్టులు పెడుతుంటే ఒళ్లు మండుతోంది. గాయపాకు మీద నాకూ ప్రేమే. కానీ రోజూ కాలే చేతికి పసరు ఏం చాలుతుంది? షుగర్ ఉన్నవాళ్లకి చిన్న పుండు కూడా ప్రమాదమే. సబ్బుతో శుభ్రంగా కడుక్కుని ఆసుపత్రికి వెళ్లాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటలను కూల్చేస్తే జీడిచెట్లకు నష్టం లెక్కలు కట్టారు. కట్టాల్సిందే. మరి ఈ చేతులకు లెక్క ఎవరు కడతారు? వేళ్లకి సరిపోయే పల్చటి గ్లౌజులు, ఆముదం, సబ్బు యజమానులే షెడ్డులో పెట్టాలి. గ్లౌజులతో ఎంత పని అవుతుందో చూసి, దాన్నిబట్టి కిలోకి కూలి పెంచాలి. చేయి పుండైన రోజు కూలి కోయకూడదు. పండగలకి పలాస జీడిపప్పు కొనుక్కునే మనం కూడా ఈ మాట గట్టిగా అడగాలి.