సదరం సర్టిఫికెట్ మీరే ఇచ్చి, మీరే కాదంటే ఎట్లా?

"గవర్నమెంటు లాయర్‌వి కదమ్మా, మరి మానవ హక్కులంటావేంటి? ఇంతకీ నువ్వు ఏ పక్క?" ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. హక్కుల లాయరంటే మనకు గుర్తొచ్చేది కన్నబిరాన్, బాలగోపాల్. ఇద్దరూ జీవితాంతం సర్కారును నిలదీసినవాళ్లు. వాళ్లు వాదించిన అదే మూసీ ఒడ్డు హైకోర్టులో, ఎదురు బల్ల దగ్గర నిలబడి "ప్రభుత్వం తరఫున" అనే మనిషికి హక్కులతో ఏం పని?

చాలానే పని ఉంది. అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్‌గా నా చేతికొచ్చిన ఫైళ్లన్నీ దాదాపు అవే: వికలాంగుల రిజర్వేషన్లు, ఎస్సీ ఎస్టీ హాస్టళ్లు, పింఛన్లు, మ్యాన్‌హోల్‌లో చనిపోయినవాళ్ల పరిహారం. ఇప్పుడు ఆ పదవిలో లేను కాబట్టి నోరు విప్పుతున్నా. నేను చూసినంతలో, సమానత్వ హక్కుకు మన దగ్గర పెద్ద దెబ్బ తగిలేది ప్రభుత్వం వేసే కౌంటర్లలోనే, అంటే పిటిషన్లకు కోర్టులో ఇచ్చే జవాబుల్లోనే.

అదెలాగో చెప్తా. హైకోర్టులో ప్రభుత్వం మీద రిట్ పిటిషన్ పడగానే, అందులోని ఒక్కో పేరాకు శాఖ ఏమంటుందో చెప్పే పేరావైజ్ రిమార్క్స్ రావాలి. అవి రాసేది సెక్రటరీ కాదు, సెక్షన్‌లో కూర్చునే ఒక సీనియర్ అసిస్టెంట్. ఆయన టేబుల్ మీద అట్లాంటివి గుట్టలుగా ఉంటాయి. పాత కౌంటర్ ఒకటి తీసి పేరు, రిట్ నంబరు మార్చి పంపేస్తారు. ఒకసారి వినికిడి లోపం ఉన్న అబ్బాయి కేసులో వచ్చిన రిమార్క్స్ ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. మూడో పేరాలో "సదరు సర్వే నంబరులోని భూమి" అని ఉంది. భూమెక్కడిదయ్యా, అతను అడిగింది అటెండర్ పోస్టు! అది సరే, నవ్వుకుని కొట్టేయొచ్చు. కింద ఐదో పేరా చూశాక నవ్వు ఆగిపోయింది. "పిటిషనర్‌కు వైకల్యం ఉన్నదన్న వాదనను తిరస్కరిస్తున్నాము, అతనే నిరూపించుకోవాలి" అని ఉంది. దాని వెనకే జత చేసిన కాగితం సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం. ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రభుత్వం పెట్టిన క్యాంపులో, ప్రభుత్వ డాక్టర్లు పరీక్ష చేసి శాతం వేసి ముద్ర కొట్టి ఇచ్చినది!

సూపరింటెండెంట్‌కు ఫోన్ చేశా. "మనమిచ్చిన సర్టిఫికెట్‌ను మనమే కాదంటే జడ్జిగారు ఏమంటారు సార్?"

"మేడం, కాదనకపోతే ఒప్పుకున్నట్టయితది కదా. ఒప్పుకుంటే పైనోళ్లు నన్నడుగుతరు."

ఆయన్ని విలన్‌ను చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ఒక్క మాటలోనే మొత్తం వ్యవస్థ ఉంది. ఒప్పుకుంటే సంతకం ఆయనది. రేపు ఆడిటో, విజిలెన్సో వచ్చి "ఎందుకిచ్చావ్, నీకేం ముట్టింది?" అంటే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఓడిపోతే మాత్రం కోర్టు ఆర్డరు ప్రకారం చేశామని ఫైల్లో రాసుకుంటే చాలు, ఎవరూ అడగరు. అందుకే ఓడిపోతామని తెలిసిన కేసులోనూ కౌంటర్, ఆ తర్వాత రిట్ అప్పీలు, వీలైతే ఢిల్లీ దాకా. ప్రభుత్వం బాధ్యతగల కక్షిదారుగా ఉండాలని 2010లోనే జాతీయ లిటిగేషన్ పాలసీ చెప్పింది. ఏ సెక్షన్‌లోనైనా దాని కాపీ ఉంటే నాకు చూపించండి.

ఆ అబ్బాయి కేసులో శాఖ అసలు వాదన "ఆ పోస్టు వికలాంగులు చేయదగ్గదిగా గుర్తించబడలేదు" అని. ఇది అరిగిపోయిన రికార్డు. రిజర్వేషన్ లెక్క కట్టాల్సింది గుర్తించిన పోస్టుల మీద కాదు, కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద అని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. 2016 చట్టం వచ్చాక 3 శాతం 4 శాతమైంది. అందులో వినికిడి లోపం ఉన్నవాళ్లకు విడిగా 1 శాతం. ఇదంతా నోట్‌గా రాసి పంపా. జవాబు రాలేదు. రాతపూర్వకంగా ఇన్‌స్ట్రక్షన్స్ లేకుండా ప్రభుత్వ లాయరు కోర్టులో ఒక్క ముక్క ఒప్పుకోకూడదు. కాబట్టి వాయిదా నాడు లేచి నిలబడి "రెండు వారాలు టైమ్ కావాలి మైలార్డ్" అన్నా. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క పెట్టుకోలేదు, కానీ అవతల బెంచీలో కూర్చుని ఆ మాట వినడానికి బస్సెక్కి వచ్చిన మనిషి పెట్టుకుని ఉంటాడు.

ఇంకో తంతు ఉంది. "పిటిషనర్ వినతిపత్రాన్ని పరిశీలించండి" అని కోర్టు రిట్‌ను ముగిస్తుంది. శాఖ పరిశీలిస్తుంది. పరిశీలించి, పాత కౌంటర్‌నే ఆర్డరుగా టైపు చేసి తిరస్కరిస్తుంది. మనిషి మళ్లీ రిట్ వేస్తాడు. చివరికి కంటెంప్ట్ (కోర్టు ధిక్కార కేసు) పడి, ఆఫీసరు స్వయంగా హాజరు కావాలని ఫామ్-1 నోటీసు వచ్చిందా, ఏళ్ల తరబడి దొరకని ఫైలు ఆ సాయంత్రానికి దొరుకుతుంది. మదీనా దగ్గర ఛాయ్ తాగుతూ మేం జోకులేసుకునేవాళ్లం, తెలంగాణలో అత్యంత వేగవంతమైన కొరియర్ ఫామ్-1 అని.

మ్యాన్‌హోల్ మరణాల ఫైళ్లు ఇంకా ఘోరం. చేతులతో మలమూత్రాలు ఎత్తే పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు కాలువలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత స్పష్టంగా ఉన్నాక కౌంటర్లో రాయడానికి ఏముంటుంది? ఉంటుంది. "అతను మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ మనిషి." మరి ఆ మ్యాన్‌హోల్ ఎవరిది?

ఎవరూ ఏమీ వాదించక్కర్లేని చోట కూడా ఇదే నిద్ర. 1919లో, నిజాం జమానాలో వచ్చిన చట్టం ఒకటుండేది. ట్రాన్స్‌జెండర్ల పేర్లు రిజిస్టర్‌లో రాసుకోవచ్చు, ఆడబట్టలు కట్టుకుని బజార్లో కనబడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది, 2019లో కేంద్ర చట్టమూ వచ్చింది, ఇది మాత్రం పుస్తకాల్లోంచి కదల్లేదు. 2018లో పడిన పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) మీద 2023 జులైలో హైకోర్టు కొట్టేసేదాకా ఉంది. న్యాయశాఖలో ఎవరైనా ఒక నోటు పెట్టి అసెంబ్లీలో ఒక బిల్లు తెస్తే పోయేదానికి ఐదేళ్ల కేసు.

"మానవ హక్కుల కమిషన్ ఉంది కదా" అంటారేమో. మన రాష్ట్ర కమిషన్‌కు 2025లో కొత్త ఛైర్మన్ వచ్చేదాకా రెండేళ్లకు పైగా ఆ కుర్చీ ఖాళీ. కుర్చీ నిండినా కమిషన్ చేసేది సిఫారసే.

ప్రతి పిటిషనరూ సత్యహరిశ్చంద్రుడని నేననను. దొంగ సర్టిఫికెట్‌తో ఇంకొకరి పోస్టు కొట్టేసినవాళ్లను చూశా. వాళ్ల మీద ఎంత గట్టిగా వాదించాలో అంత గట్టిగా వాదించా, ఆ రోజుల్లో హాయిగా నిద్ర పట్టింది కూడా. ఖజానా సొమ్మును కాపాడటం మా పనే. ఏది కాపాడాలో ఏది ఇచ్చేయాలో చెప్పే అధికారం మాత్రం మాకు లేదు.

నేనడిగేది చిన్నది. ఇట్లాంటి కేసుల్లో కౌంటర్ వేసే ముందే ప్రభుత్వ లాయరు "ఇది నిలబడదు, ఇచ్చేయండి" అని రాతపూర్వకంగా చెప్పగలగాలి. ఆ కాగితం చేతిలో ఉన్న ఆఫీసరును ఆడిట్ వేధించకూడదు. దీనికి చట్టసవరణ అక్కర్లేదు, ఒక జీవో చాలు. పేదల పక్షాన నిలబడిన ఎస్.ఆర్. శంకరన్ లాంటి ఐఏఎస్ పనిచేసిన సర్కారే కదా ఇది, ఆ మాత్రం జీవో రాయలేరా?

ఆ అబ్బాయికి చివరికి ఉద్యోగం వచ్చింది, ఫామ్-1 పుణ్యమా అని. వేరేవాళ్లతో పాటే చేరి ఉంటే ఉండాల్సిన సీనియారిటీ ఇవ్వలేదని ఇంకో రిట్ వేశాడు. నేను దిగిపోయే నాటికి దానికి కౌంటర్ పడలేదు.