రెండంగుళాల గట్టు గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం

మహారాజశ్రీ రెండంగుళాల గట్టు గారికి,

నమస్కారాలు. వీల్‌చెయిర్ల కోసం కట్టిన ర్యాంపు మొత్తం ఎక్కి, ఇక తలుపు చేతికందుతుందనగా అడ్డంగా పడుకుని ఉండేది తమరే కదా. కొన్నిచోట్ల అంతదాకా కూడా రానివ్వరు. రోడ్డు దిగి ర్యాంపు మొదలయ్యే చోటే దర్శనమిస్తారు. ఆస్పత్రి, బ్యాంకు, పోస్టాఫీసు, వార్డు సచివాలయం, ఏటీఎం... జగదాంబ నుంచి గాజువాక దాకా తమకు కొలువు లేని గుమ్మం వెతకడం కష్టమే. ఏ ప్లానులోనూ మీ బొమ్మ ఉండదు, ఏ ఎస్టిమేటులోనూ మీకు పద్దు ఉండదు. ఇంటర్వ్యూ లేకుండా చేరి, చేరిన రోజే పర్మినెంటు అయిన ఉద్యోగి మీరొక్కరే.

మిమ్మల్ని చూసి అందరూ మేస్త్రీని తిడతారు. పాపం, అతని తప్పు లేదు. ముందు సివిల్ కాంట్రాక్టరు వచ్చి, అప్పటికున్న గచ్చు మట్టానికి సరిగ్గా కలిసేలా ర్యాంపు పోస్తాడు. కొలతలు రాస్తారు, బిల్లవుతుంది. ఆర్నెల్లకి ఫ్లోరింగ్ కాంట్రాక్టరు వస్తాడు. లోపల అంగుళంపావు మాలు పరిచి, పైన ముప్పావంగుళం గ్రానైటు పలకలు వేస్తాడు. కూడితే రెండంగుళాలు. ఇతని పనిలో ర్యాంపు లేదు, అతని పనిలో గ్రానైటు లేదు. ఇద్దరూ డ్రాయింగు ప్రకారమే చేశారు, ఇద్దరికీ డబ్బులొచ్చాయి. ఆ రెండు బిల్లుల సందులో తమరు అవతరించారు.

ర్యాంపు కింది కొసన, రోడ్డు దగ్గర ఉండే మీ తమ్ముడిగారి జాతకం వేరు. గేటు బయట రోడ్డు ఒకరిది, లోపల స్థలం ఇంకొకరిది. రోడ్డువాళ్లు పాత తారు గీకకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతే ర్యాంపు అంచు గుంటలో పడుతుంది, నాలుగు చినుకులకే అక్కడ నీళ్లు నిలుస్తాయి. లోతుగా గీకి వేస్తే రోడ్డు దిగిపోయి అంచు పైకి తేలుతుంది. ఎలా చూసినా తమ్ముడిగారికి ఢోకా లేదు. గేటు గీత దాటి అవతలి రెండడుగుల్లో పని చేయడానికి ఏ శాఖకూ చేతులు రావు మరి.

"రెండంగుళాలే కదా" అనేవాళ్లు మీకు బోలెడంత మంది అభిమానులున్నారు. వాళ్ల కోసం ఒక లెక్క. సొంతంగా తోసుకుంటూ చురుగ్గా తిరిగేవాళ్లు వాడే తేలికపాటి వీల్‌చెయిర్‌కు ముందు చక్రాలు చిన్నవి, నాలుగైదంగుళాల వ్యాసం. నాలుగంగుళాల చక్రానికి ఇరుసు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది? రెండంగుళాలు. అంటే మీ అంచు సరిగ్గా ఇరుసుకు ఎదురు నిలుస్తుంది. ఇక ఎంత బలంగా తోస్తే అంత బలంగా ఆగుతుంది తప్ప, పైకి ఎక్కే దారే ఉండదు. బండి ఆగుతుంది, అందులో మనిషి ఆగడు, ముందుకు తూలతాడు. ఆస్పత్రి వీల్‌చెయిర్ ముందు చక్రం ఎనిమిదంగుళాలు కాబట్టి కాస్త నయం. వెనక తోసే మనిషి కింది పైపు మీద కాలేసి తొక్కి, బండిని వెనక్కి వంచి, ముందు చక్రాలు ఎత్తి గట్టు మీద పెట్టాలి. చదునైన చోట ఇది పెద్ద పని కాదు. తమరు ఉండేది ర్యాంపు పైకొసన. బండి అప్పటికే వెనక్కి వాలి ఉంది. దాన్ని ఇంకా వంచితే ఏమవుతుందో తమకు తెలియనిది కాదు.

"నలుగురం పట్టుకుని ఎత్తేస్తాం లెండి" అనే దయామయులూ ఉంటారు. ఒకరు చేతి పట్టె పట్టుకుంటారు, ఒకరు కాళ్లు పెట్టుకునే పలక పట్టుకుంటారు. చాలా బళ్లలో ఆ రెండూ ఊడదీయడానికి వీలుగా చేసినవే. పైకెత్తగానే పట్టె చేతిలోకి వస్తుంది, మనిషి కిందే ఉంటాడు. బ్యాటరీ బండినైతే ఎత్తే ఆలోచనే వద్దు, మనిషి కూర్చోకముందే క్వింటాలు దాటేవి ఉన్నాయి.

వీల్‌చెయిర్లతో మాత్రమే మీకు పేచీ అనుకుంటే మీ ప్రతిభను తక్కువ చేసినట్టే. కాలికి ఊతగా కాలిపర్ వేసుకున్నవారి పాదం నేలను రాసుకుంటూ కదులుతుంది, బూటు ముక్కు మీకు తగులుతుంది. చూపు మందగించినవారికి గట్టూ నేలా ఒకే బూడిద రంగులో ఉంటే మీరు అసలు కనబడరు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు వచ్చినవాళ్లకైతే డాక్టరు కన్నా ముందు మీరే పరీక్ష పెట్టేస్తారు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే అధికారం ఒక్కటే మీకు తక్కువ.

ఇక చట్టం సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, నియమాలు వచ్చిన అయిదేళ్లలోగా ప్రజలు వచ్చిపోయే పాత భవనాలన్నిటినీ సరిచేయాలి. నియమాలు 2017 జూన్ 15న వచ్చాయి. ఆ లెక్కన 2022 జూన్‌లోనే మీ పదవీ విరమణ. 44వ సెక్షన్ అయితే నియమాలు పాటించని కొత్త కట్టడానికి కంప్లీషన్ సర్టిఫికెట్టే ఇవ్వొద్దంటుంది. ఆ నియమాల్లో ఈ ప్రమాణాల సంగతి చెప్పే 15(1) తప్పనిసరిగా కాక సలహాలా ఉందని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చి, మూడు నెలల్లో ఖచ్చితమైన నియమాలు రాయమంది. మీరు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. తనిఖీ ఫారంలో "ర్యాంపు: ఉంది / లేదు" అనే గడి ఉంటుంది గానీ, మీ కోసం గడి ఎక్కడుంటుంది? ఫొటో పక్క నుంచి తీస్తారు. ర్యాంపు పడుతుంది, మీరు పడరు.

గుమ్మం దగ్గర అనుమతించే ఎత్తు 12 మి.మీ., చిటికెన వేలి మందం. అదీ అంచు ఏటవాలుగా చెక్కి ఉండాలి. మీరు 50 మి.మీ. ర్యాంపు వాలు 1:12 మించకూడదు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు అన్నమాట. దీన్ని కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు. రెండడుగుల రసమట్టం తీసుకుని, పై కొసను ర్యాంపుకు ఆనించి, బుడగ మధ్యకు వచ్చేదాకా కింది కొస పైకెత్తండి. కొస కింద సందు రెండంగుళాలు దాటితే ఆ ర్యాంపు నిటారుగా ఉన్నట్టే. సరిగ్గా మీ ఎత్తే! ఇన్నాళ్లకు తమరు ఒక్క మంచి పనికి ఉపయోగపడ్డారు.

విశాఖలో తమకు స్థానబలం కూడా ఉంది. వాల్తేరు అప్‌లాండ్స్ వైపు రోడ్లే వాలు. రోడ్డు వాలుగా, గేటు మట్టంగా ఉంటే ఒక పక్క మీరు సున్నా, ఇంకో పక్క నాలుగంగుళాలు. అక్కడ ఇంత పొడుగు ర్యాంపు కట్టి మిమ్మల్ని పెంచి పోషించే బదులు, దారిని రోడ్డు ఎత్తుగా ఉన్న పక్కకు మారిస్తే చాలాచోట్ల ర్యాంపే అక్కర్లేదు. కానీ గేటు వాస్తు ప్రకారం పెట్టారట. బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర్లేదు. ఇనప పైపు రెయిలింగులకు ముందు వెల్డింగు దగ్గర, తర్వాత బోల్టుల దగ్గర తుప్పు పట్టి, చెయ్యేస్తే ఊగుతాయి. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలని ఎస్టిమేటులో రాయకపోతే కాంట్రాక్టరు తనంతట తాను వాడడు.

మీ తరఫున వాదించేవాళ్ల చేతిలో ఒకే ఒక్క అసలైన మాట ఉంది: వాన. తుపాను వానకు నీళ్లు లోపలికి రాకుండా మీరు ఆపుతున్నారట. ఆ పని చేయడానికి వేరే మార్గం ఉంది. తలుపు బయటి చదును నేలను 1:50 వాలుతో బయటికి వంచి, గుమ్మం ముందు అడ్డంగా నాలుగంగుళాల కాలవ తీసి జాలీ వేయాలి. సందులు 12 మి.మీ. మించకూడదు. కడ్డీలు నడిచే దారికి అడ్డంగా ఉండాలి, దారి వెంట పెడితే చిన్న చక్రం అందులోనే ఇరుక్కుంటుంది. ఇసుక చేరే చోట వానాకాలానికి ముందు కాలవ తోడాలి. తోడరు, అది వేరే లేఖ.

ఇప్పుడు తమరి బదిలీ ఉత్తర్వులు. కింద ఉన్న తమ్ముడిగారి పని తేలిక. 1200 మి.మీ. వెడల్పు, 600 పొడవు, ఎత్తు 50 నుంచి సున్నాకు దిగే ముక్క. మొత్తం 18 లీటర్ల కాంక్రీటు, ఏడెనిమిది కిలోల సిమెంటు. సున్నాకు దిగే అంచును అలాగే వదిలేస్తే నెల తిరక్కుండా పెళ్లలు లేస్తుంది. అక్కడ రోడ్డును అంగుళం లోతు కోసి అంచును అందులో కూర్చోబెట్టాలి. పాత కాంక్రీటును గరుకుగా చెక్కి, తడిపి, సిమెంటు పాలు పూసి, సన్న కంకరతో పోసి, పైన చీపురుతో అడ్డగీతలు గీయాలి.

పైన ఉన్న తమరికి ఈ వైద్యం పనికిరాదు. వాలు మీదే ముక్క అతికిస్తే 1:12 కాస్తా అక్కడ 1:6 అవుతుంది. తలుపు ముందు 1500 మి.మీ. చదునును మొత్తం రెండంగుళాలు లేపి, ర్యాంపంతా అదే మందాన కప్పి, కింది కొసను ఇంకో రెండడుగులు పొడిగించాలి. నేల లేచింది కాబట్టి రెయిలింగులు కూడా లేపాలి, లేకపోతే 900, 760 మి.మీ.లో ఉండాల్సినవి 850, 710కి దిగిపోతాయి. ఇది మాత్రం అందరూ మరిచిపోతారు.

పోశాక తడి గోనెసంచులు కప్పి ఏడు రోజులు నీళ్లు పట్టాలి. ఆ వారం ఎవరూ తొక్కకుండా అడ్డం కావాలి కదా, ర్యాంపు మొదట్లో ఎప్పుడూ ఉండే ఆ పూలకుండీలను అక్కడే ఉంచండి. ఎనిమిదో రోజు తీసేయండి.

ఇట్లు,
రసమట్టం చంకన పెట్టుకు తిరిగే మీ శ్రేయోభిలాషులు